వెయ్యి మంది ఉన్న గ్రూపులో మీ నలుగురిని వెతుక్కోవడం ఎలా

మా హీరో సినిమా రిలీజుకి మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టినప్పుడు కింద వరసలో నా ఫోటో కూడా వేయించుకున్నాను. ఎడమ నుంచి మూడోది, స్టాంపు కన్నా కాస్త పెద్దది. దానికి మూడు వందలు చందా ఇచ్చాను. మొత్తం నలభై ఫోటోలు. సినిమా రెండు వారాల్లో వెళ్ళిపోయింది. ఫ్లెక్సీ మా పెదనాన్న విప్పించుకుని కళ్ళంలో ధాన్యం రాశి మీద కప్పాడు. మా వైపు ఫ్లెక్సీలన్నిటికీ చివరి మజిలీ అదే, లేకపోతే పశువుల పాక. ఆ నెలలోనే నాకు టైఫాయిడ్ వచ్చి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఫ్లెక్సీ మీద ఉన్న నలభై మందిలో ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. వచ్చింది ఇద్దరు. వాళ్ళ ఫోటోలు ఫ్లెక్సీ మీద లేనే లేవు, చందాకి డబ్బుల్లేక వేయించుకోలేదు. కట్టిన రాత్రి ఒకడు నేనెక్కిన నిచ్చెన పట్టుకున్నాడు, ఇంకొకడు కింద నుంచి తాడు అందించాడు.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ ఫోన్లోకి వచ్చింది. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, టెలిగ్రామ్ గ్రూపులో 2 లక్షల దాకా. టీజర్ వచ్చిన రాత్రి అందరూ మేలుకునే ఉంటారు. ట్యాగ్ ట్రెండింగ్‌లోకి ఎక్కుతుంది, ఒకడు ఏడుస్తూ వాయిస్ నోట్ పెడతాడు, ఇంకొకడు పూనకం వచ్చినట్టు రాస్తాడు. రాత్రి రెండు గంటలకి డేటా అయిపోతుంది. ఫోన్ పక్కన పడేస్తే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. అప్పుడు తెలుస్తుంది చూశారా ఒక ఖాళీ, నేను చెప్పబోయేది దాని సంగతే. గ్రూపులు మానేయమని మాత్రం చెప్పను. పదేళ్ళుగా నేనూ ఒకదానికి అడ్మిన్నే. అందులోంచే నిచ్చెన పట్టుకునేవాళ్ళని ఎలా వెతుక్కోవాలో, దెబ్బతిని నేర్చుకున్నంత మేరకు చెబుతాను.

ముందు మీది ఏ రకం ఒంటరితనమో తేల్చుకోండి

రాబర్ట్ వైస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒంటరితనాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి, మనలాంటివాళ్ళ గుంపు లేకపోవడం. రెండోది, మనసు విప్పి చెప్పుకోవడానికి ఒక మనిషి లేకపోవడం. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదని కూడా అన్నాడు.

మా పిన్ని కూతురిది మొదటి రకం. పాలకొల్లులో డిగ్రీ చదివే రోజుల్లో దానికి కొరియా పాటల బృందం బీటీఎస్ అంటే పిచ్చి. క్లాసులో ఇంకెవరికీ ఆ పాటలు తెలీవు. "ఆ కొరియా వాళ్ళంతా ఒక్కలాగే ఉంటారు కదే, ఎలా గుర్తుపడతావ్?" అని నవ్వేవారట. 2022 జూన్‌లో ఆ బృందం, ఇక కొన్నాళ్ళు ఎవరి పాటలు వాళ్ళం చేసుకుంటామని చెప్పిన రోజు ఇది గదిలో కూర్చుని ఏడుస్తుంటే, పిన్ని పరీక్ష పోయిందేమోనని కంగారుపడింది. తెలుగు అమ్మాయిలున్న ఒక ఆర్మీ గ్రూపు (బీటీఎస్ అభిమానులు తమని ఆర్మీ అనే పిలుచుకుంటారు) దొరికాక వారంలో మనిషి తేలికపడింది. దానికి కావలసింది గుంపే, దొరికింది.

మా ఊరి అన్నయ్య ఒకాయన కువైట్‌లో డ్రైవరు. ఆయనకి గుంపులకి కొదవ లేదు. ఊరి గ్రూపు, పదో తరగతి గ్రూపు, అభిమాన సంఘం గ్రూపు, కువైట్‌లో ఉన్న మన జిల్లావాళ్ళ గ్రూపు. పొద్దున్నే నాలుగింట్లోనూ దేవుడి ఫోటో పెట్టి శుభోదయం చెబుతాడు. వాళ్ళమ్మని రాజోలు ఆసుపత్రిలో చేర్చిన రోజు మాత్రం ఏ గ్రూపులోనూ ఒక్క ముక్క రాయలేదు. స్టేటస్‌లో ఆవిడ ఫోటో పెట్టాడంతే. రెండు వందల మంది చూశారు. ఎందుకు పెట్టాడని ఎవరూ అడగలేదు, నాతో సహా. ఇది రెండో రకం. ఈయనకి ఐదో గ్రూపు వెతికిపెట్టి లాభం లేదు.

మీది ఏదో తేల్చుకోవడానికి ఒక పని చేయండి. గత పది రోజుల్లో జరిగిన చిన్న సంగతి ఒకటి గుర్తు తెచ్చుకోండి. పెద్దదొద్దు. బస్సు ఎదురుగానే వెళ్ళిపోవడమో, పప్పు మాడిపోవడమో, అంత చిన్నది. అది ఎవరితోనైనా అన్నారా? గ్రూపులో పెట్టేంత గొప్పది కాదనుకుని, ఇంకెవరికి చెప్పాలో తోచక ఊరుకున్నారంటే మీదీ రెండో రకమే. ఇక్కడి నుంచి రాసేదంతా ఎక్కువగా మీకోసమే.

పెద్ద గ్రూపు వార్తలకి, చిన్న గ్రూపు మనుషులకి

ధవళేశ్వరం దగ్గర నిలబడి చూస్తే గోదారి సముద్రంలా ఉంటుంది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టాలో సేద్యమంతా దాని కాలువల మీదే. అయినా దాళ్వా (రెండో పంట) రోజుల్లో శివారు చేలకి నీరందక వంతులేసుకుని రాత్రిళ్ళు గట్ల మీద కాపలా కాసేది మా వాళ్ళే. మా చేను తడవాలంటే గోదారి నిండుగా ఉంటే చాలదు, గట్టు పక్క పంట బోదెలోకి నీళ్ళు దిగాలి. వెయ్యి మంది గ్రూపులో మీరొక శివారు చేను. అక్కడ ఎంత హోరున్నా మీదాకా రాదు.

కాబట్టి పెద్ద గ్రూపుని మ్యూట్‌లో పెట్టి వార్తలకి వాడుకోండి. దాని పక్కనే ఇరవై, ముప్పై మందితో చిన్నవి ఉంటాయి: ఎడిట్స్ చేసేవాళ్ళవి, పాత పాటలు వెతికేవాళ్ళవి, ఒకే మండలం వాళ్ళవి. పెద్దదాంట్లో రోజూ ఓపిగ్గా జవాబులిచ్చే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళని అడిగితే చెబుతారు. చేరిన వారం రోజులు ఏమీ రాయకుండా మూడు విషయాలు చూడండి.

సెకండాఫ్ సాగిందన్నవాడిని ఏం చేస్తున్నారు? వాదిస్తే పర్వాలేదు. వాడి తల్లిని తిడుతుంటే ఆ రోజే బయటికి వచ్చేయండి, రేపు ఆ మాటలు మీకు పడతాయి. "జ్వరంగా ఉంది బ్రో, రెండు రోజులు రాను" అని ఎవరైనా అంటే మర్నాడు ఎలా ఉందని ఒక్కరైనా అడిగారా? ఇక మూడోది మన గోదావరి జిల్లాల ప్రత్యేకం. కొత్తవాడిని "ఏ ఊరు?" అని అడిగాక రెండో ప్రశ్న "మీరేమిట్లు?" అయితే, అక్కడ హీరో పేరు చెప్పి నడిచేది వేరే లెక్క. సినిమా అభిమానంలో కులం కలిసిపోయి ఉందని మనందరికీ తెలుసు, తెలియనట్టు నటిస్తాం. అలాంటి చోట మీకు స్నేహితులు దొరకరని కాదు. వాళ్ళు మీ ఇంటిపేరుకి దొరుకుతారు, మీకు కాదు.

ఒక పని నెత్తిన వేసుకోండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. మంట బొమ్మలూ దండం బొమ్మలూ పెడితే ఎవరికీ గుర్తుండరు. పని చేసేవాడు గుర్తుంటాడు. చిన్న పని చాలు. మీ టౌన్లో ఏ హాల్లో ఏ ఆట ఉందో పొద్దున్నే పెట్టడం, కొరియా వీడియోలకి తెలుగులో సబ్‌టైటిల్స్ రాయడం, తప్పుడు వార్త వస్తే అసలుదేమిటో వెతికి చెప్పడం. ఒక్కరే చేసేది కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి చేయాల్సింది అయితే ఇంకా మంచిది.

మన మొగల్తూరులో పుట్టిన చిరంజీవి 1998లో హైదరాబాద్‌లో రక్తనిధి పెట్టాక అభిమాన సంఘం పనుల్లో రక్తదానం కూడా చేరిపోయింది. ఏ హీరో సంఘమైనా పుట్టినరోజుకి ఒక శిబిరం పెట్టాల్సిందే. మా గ్రూపులో ఎవరి రక్తం ఏ గ్రూపో రాసిపెట్టే పని నేను తీసుకున్నాను. మొదట్లో అదొక లిస్టు మాత్రమే. ఒక రాత్రి పదకొండింటికి అమలాపురం నుంచి కాన్పు కేసుకి ఓ నెగెటివ్ కావాలని మెసేజ్ వచ్చింది. లిస్టులో నలుగురున్నారు. ఒకడు హైదరాబాద్‌లో, ఒకడు మందు కొట్టి ఉన్నాడు (నిజం చెప్పినందుకు వాడికి దండం), ఒకడు ఫోన్ ఎత్తలేదు. నాలుగోవాడు ముమ్మిడివరం. అసలు గ్రూపులో ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. "బండి తీస్తున్నానండి, ఇరవై నిమిషాలు" అని పెట్టేశాడు. ఇచ్చి వచ్చాక ఒంటిగంటకి ఫోన్ చేశాడు. నిద్ర రావట్లేదట. వాళ్ళ కొబ్బరితోటలో నల్లి తెగులు దగ్గర మొదలుపెట్టి చిన్నప్పుడు చూసిన సినిమాల దాకా మూడింటి వరకూ మాట్లాడుకున్నాం.

గమనించండి, మమ్మల్ని దగ్గర చేసింది రక్తం పని. స్నేహం చేసింది ఆ రెండు గంటల సొల్లు కబుర్లు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ఈ గంటల లెక్కే తీశాడు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలట, స్నేహితుడు అనుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 పైన. పక్కపక్కన కూర్చుని పని చేసుకున్న గంటలకి అంత విలువ లేదని, నవ్వుకుంటూ గడిపిన గంటలదే బలమనీ ఆయన లెక్కలో తేలింది. వారానికి రెండు గంటలు మాట్లాడుకుంటే 50 గంటలకి ఆర్నెల్లు పడుతుంది. రెండు వారాల్లో ఎవరూ దగ్గర కాలేదని దిగులుపడేవాళ్ళు ఈ అంకె ఒక చోట రాసి పెట్టుకోండి. పని అవ్వగానే "ఓకే బ్రో, డన్" అని వెళ్ళిపోకండి. ఇంకో పది నిమిషాలు ఉండండి.

మొదటి మెసేజ్

విడిగా ఒకరికి రాయడం చాలామందికి టెన్షన్. ఏం రాయాలో తెలీక "హాయ్" అంటారు. అవతలివాళ్ళు "హాయ్" అంటారు. "తిన్నారా?" "తిన్నాను." కథ కంచికి. అమ్మాయిలకైతే ఇలాంటి హాయ్‌లు రోజుకి పది వస్తాయి, పదకొండోది మీరు పంపకండి, అందులోనూ రాత్రి పదకొండు దాటాక అసలే వద్దు.

వాళ్ళు చేసిన ఒక పనిని పట్టుకుని, జవాబు చెప్పగలిగే ప్రశ్న వేయండి. నేను భీమవరం వైపు కుర్రాడు ఒకడికి రాసింది ఇదీ: "నిన్న మీరు పెట్టిన ఇంటర్వెల్ ఎడిట్ చూశానండి. మధ్యలో డప్పు వస్తుంది కదా, అది సినిమాలోది కాదు. ఎక్కడ పట్టారు?" సాయంత్రానికి జవాబొచ్చింది: "ఆయ్, మా ఊరి జాతరలో నేనే ఫోన్లో రికార్డ్ చేశానండి. కనిపెట్టింది మీరొక్కరే." అంతే, ఇంక నేను వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

జవాబు రాకపోతే మళ్ళీ రాయకండి. చూసి వదిలేశారంటే పగబట్టారని కాదు, చేపల మేత వేస్తూ చూసి మర్చిపోయి ఉండొచ్చు. ఇంకొకరికి రాయండి. అన్నా, అక్కా అనే పిలుపులు కూడా కాస్త చూసి వాడండి. కొందరికి అవి దగ్గరగా అనిపిస్తాయి, ముక్కూ మొహం తెలియనివాడు అక్కా అంటే కొందరికి ఒళ్ళు మండుతుంది. "అండి" ఎప్పుడూ చెడలేదు.

ఫోన్ నంబరు ఎందుకంటే

2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేసుకునే కుర్రాళ్ళు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని పక్క జిల్లా హద్దులకి పోయారు. నా చేతిలో ఫోనుంది, అందులో ఆరేడు గ్రూపులు, వేలమంది. ఒక్కటీ కదలదు. ఆ రోజుల్లో నాకు మామూలు కాల్ చేసింది ఇద్దరు. కువైట్ అన్నయ్య, ఆ భీమవరం కుర్రాడు. మిగతావాళ్ళలో సగం మందికి నా నంబరే లేదు, వాళ్ళ అసలు పేర్లు నాకూ తెలియవు. డీపీలో హీరో మొహమే కదా అందరిదీ.

ఆర్నెల్లు మాట్లాడుకున్నాక, నమ్మకం కుదిరిన ఇద్దరు ముగ్గురితో నంబరు, అసలు పేరు, ఊరు ఇచ్చి పుచ్చుకోండి. నెలకోసారి ఏ కారణం లేకుండా కాల్ చేయండి. మొదటి కాల్ ఇబ్బందిగానే ఉంటుంది, ఐదు నిమిషాల్లో పెట్టేయండి, తప్పేం లేదు. అమ్మాయిలు మగవాళ్ళకి నంబరు ఇవ్వాల్సిన అవసరం లేదు, నంబరు కనపడకుండా కాల్ చేసుకునే యాప్‌లు ఉన్నాయి. "నమ్మకం లేదా?" అని ఎవడైనా అడిగితే అదే లేదనడానికి సాక్ష్యం.

కలిసేటప్పుడు

పట్టపగలు, నలుగురూ తిరిగే చోటు, గంటలో అయిపోయేలా. రావులపాలెం బస్టాండు దగ్గరో, అమలాపురం గడియారస్తంభం దగ్గరో, రాజమండ్రి పుష్కర ఘాట్‌లోనో. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. ఆడపిల్లలైతే తోడు తీసుకెళ్ళండి. మా పిన్ని కూతురు తన గ్రూపు అమ్మాయిలని కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కలిసింది. తీర్థానికంటే ఏ ఇంట్లోనూ వద్దనరు, పండక్కి హైదరాబాద్ వాళ్ళూ వస్తారు. ఏకాదశ రుద్రుల ప్రభల్లో కొన్ని కౌశిక కాలువ దాటి వస్తుంటే ఆ హడావుడిలో మాటలు దొరకని ఇబ్బందే ఉండదు. బెనిఫిట్ షోలో మాత్రం మొదటిసారి కలవకండి. ఆ గోలలో ఎదుటి మనిషి గొంతు కూడా వినపడదు.

భీమవరం కుర్రాడిని నేను రావులపాలెంలో కలిశాను. గ్రూపులో ఏడాదిగా "రేయ్ మావా" తప్ప ఇంకో మాట లేదు మా మధ్య. ఫ్యాన్ వార్ వస్తే వాడు పులి. బస్సు దిగింది చూస్తే సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో స్వీటు డబ్బాతో ఒకతను. "కూర్చోండి" అన్నాను. "పర్లేదండి, మీరు కూర్చోండి" అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. రెండు టీలు, ఒక ప్లేటు పకోడి. సినిమా గురించి పది నిమిషాలే. తర్వాత వాళ్ళ నాన్న రొయ్యల చెరువు గురించి చెప్పాడు. వైరస్ వచ్చి పంట మొత్తం తేలిపోయిందట. అప్పు ఎంతో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఏడాది పొడుగునా రాత్రి రెండింటి దాకా వాడు ఎందుకు ఆన్‌లైన్లో ఉండేవాడో అప్పుడు అర్థమైంది. ఎడిట్ చేస్తున్నాడనుకున్నాను. చెరువు గట్టున, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లకి కాపలా ఉండేవాడు.

ఇంకొన్ని

డబ్బు: మొదటి ఏడాది ఇవ్వకండి, తీసుకోకండి. ఫ్లెక్సీ చందా అయినా సరే, లెక్క చూపించని చోట వద్దు. నేనొకసారి ఏడు వేలు పోగొట్టుకున్నాను, ఆ మనిషి ఇప్పుడు ఇంకో హీరో గ్రూపులో ఉన్నాడు.

ఫ్యాన్ వార్: రోజులో పది నిమిషాలు సరదాగా ఆడితే ఆట. అన్నం దగ్గర గుర్తొస్తే ఆపేయండి. హీరోకి మనం తెలీదు. 1956లోనే హోర్టన్, వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీలో కనిపించే మనిషితో చూసేవాళ్ళకి ఏర్పడే ఒకవైపు చనువుకి పేరు పెట్టారు. దానికి సిగ్గుపడక్కర్లేదు, దేవుడితో మనకున్నదీ దాదాపు అలాంటిదే. జ్వరమొచ్చినప్పుడు జావ పట్టుకొచ్చేది మాత్రం ఇంకొకరు.

గ్రూపు వదలాలనుకుంటే చడీచప్పుడు లేకుండా వదలండి. "ఇక సెలవు మిత్రులారా" అని పెద్ద పోస్టు పెట్టి, ఎవరైనా బతిమాలతారేమోనని రెండు రోజులు ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం నేను చేశాను. ముగ్గురు దండం బొమ్మలు పెట్టారు.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే అది స్నేహితులు తీర్చే పని కాదు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, 2022 నుంచి ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా, ఎవరైనా దొరికాక ఒక వేళ పెట్టుకోండి. మాది ఆదివారం రాత్రి తొమ్మిది. నేను, ముమ్మిడివరం ఆయన, చెరువు గట్టు మీద నుంచి భీమవరం కుర్రాడు, కువైట్ అన్నయ్య. ఆయనకి అప్పుడు సాయంత్రం ఆరున్నర, రూములో వంట వంతు ఆయనదే. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడతాడు. కుక్కర్ విజిల్ వేస్తే అందరం ఆగుతాం, మూడో విజిల్ అయ్యాక మళ్ళీ మొదలుపెడతాం.